యాప్ రాసింది నేను, డబ్బులిచ్చింది ఆయన: కోడ్ ఎవరిది?

పాలకొల్లు_కోడర్ | పాలకొల్లు | శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఏడాదిగా మీ చర్చలు చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. రెండు రోజులుగా టెన్షన్‌తో నిద్ర లేదు, అందుకే అడుగుతున్నాను.

రెండేళ్ల కిందట భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత డీలర్ గారికి యాప్ రాసిచ్చాను. చెరువు ఎన్ని ఎకరాలు, సీడ్ (రొయ్య పిల్లలు) ఎన్ని లక్షలు వదిలారు, ఏ పూట ఎంత మేత వేశారు, చెక్ ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసేందుకు నీళ్లలో దించే పళ్లెం) ఎంత మిగిలింది, ఇవి ఎక్కిస్తే రేపటి మేత ఎంతో చెబుతుంది. ఏ రోజుకి ఎంత కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) రావచ్చో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. రైతుకిచ్చిన అప్పు మేత ఖాతా కూడా అందులోనే ఉంటుంది. ఆరు నెలలు కూర్చుని రాశాను. లక్షా ఎనభై వేలు, మూడు విడతలుగా ఇచ్చారు. డబ్బు విషయంలో ఆయన్ని ఒక్క మాట అనడానికి లేదు, చెప్పిన రోజుకి చెప్పినంతా వేశారు. కాగితం మాత్రం రాసుకోలేదు. ఆయన మా నాన్నగారి స్నేహితుడు, నేను బాబాయ్ అనే పిలుస్తాను. బాబాయ్‌ని అగ్రిమెంట్ ఎలా అడుగుతాం?

మొన్న ఆకివీడులో మా మేనత్త గారింటికి వెళ్లాను. మా బావ ఫోన్లో ఇంకో డీలర్ పేరుతో యాప్ ఉంది. రంగు మారింది, లోగో మారింది. ఎందుకో అనుమానం వచ్చి కొత్త చెరువు తెరిచి, పేరు రాయకుండా సేవ్ నొక్కాను. 'ముందు చెరువుకి పేరు పెట్టు నాయనా' అని వచ్చింది. ఆ 'నాయనా' మా అమ్మమ్మ మాట. ఆవిడ చనిపోయిన నెలలో నేనే ఆ వాక్యం రాశాను. అక్షరం మారలేదు.

బాబాయ్‌కి ఫోన్ చేస్తే "డబ్బులిచ్చి చేయించుకున్నానురా, వస్తువు నాది, నా ఇష్టం వచ్చినవాళ్లకి అమ్ముకుంటాను" అన్నారు. ఇప్పటికి ఇద్దరు డీలర్లకి అమ్మారట. సోర్స్ కోడ్ (నేను రాసిన ప్రోగ్రామ్ అసలు రాత) మొత్తం అప్పట్లో నేనే పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాను. ఆయన చెప్పింది న్యాయమేనా?

ఉండి_రైతు | ఉండి | శుక్రవారం రాత్రి 11:05

బాబూ, ఏమీ అనుకోకు. తాపీమేస్త్రి ఇల్లు కట్టాడు, కూలి తీసుకున్నాడు. రేపు నేను ఆ ఇల్లు అద్దెకిస్తే మేస్త్రి వచ్చి వాటా అడగడు కదా. మీ బాబాయ్ ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదని నువ్వే రాశావు. ఆయన వైపు నుంచి కూడా ఆలోచించు.

గోదారి_వకీలు | రాజమహేంద్రవరం | శనివారం ఉదయం 6:20

కాగితాలేవీ చూడకుండా చెబుతున్నాను, ఆ మేరకే తీసుకోండి.

ఉండి_రైతు గారి పోలిక చాలామంది చెప్పేదే. నా దగ్గరికి వచ్చే వ్యాపారులు కూడా ఇదే అంటారు. కానీ ఇల్లు వేరు, రాత వేరు. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనల్లోనే చేర్చింది. సెక్షన్ 17 ప్రకారం రచనకి మొదటి యజమాని రాసినవారే. మినహాయింపులు ఉన్నాయి. జీతానికి ఉన్న ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు యజమానిది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, గీయించుకున్న బొమ్మ అయితే డబ్బిచ్చినవారిది. మీ పెళ్లి ఫొటోల మీద హక్కు మామూలుగా మీదే, ఫొటోగ్రాఫర్‌ది కాదు. ఆ రెండో జాబితాలో సాఫ్ట్‌వేర్ లేదు. బయటి మనిషికి పని అప్పజెప్పి రాయించుకున్న ప్రోగ్రామ్ మీద కాపీరైట్, ఆ హక్కును అతను కాగితం మీద రాసి ఇచ్చేవరకు అతని దగ్గరే ఉంటుంది.

రాసి ఇవ్వడం గురించి సెక్షన్ 19 చెబుతుంది. కాగితం మీద ఉండాలి, హక్కుదారు సంతకం ఉండాలి, ఏ రచనో ఏ హక్కులో తెలియాలి. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్లు, ఎక్కడివరకో రాయకపోతే భారతదేశం వరకు అని చట్టమే పూరించుకుంటుంది. నోటిమాటతో, గూగుల్ పే రసీదుతో కాపీరైట్ చేతులు మారదు.

అలాగని బాబాయ్ చేతిలో ఏమీ లేదనుకోవద్దు. డబ్బు తీసుకుని, సోర్స్ కోడ్ మీ చేత్తో ఇచ్చారు. తన వ్యాపారానికి వాడుకునే హక్కు ఆయనకుంది. ఏ అవసరానికి ఇచ్చారో ఆ అవసరానికి కాపీ తీసుకోవడం, మార్చుకోవడం, బ్యాకప్ పెట్టుకోవడం సెక్షన్ 52 కూడా తప్పు కాదంటుంది. మన ప్రాంతం మాటల్లో చెబితే మీరు చెరువు కౌలుకిచ్చారు. ఆయన సీడ్ వదులుకోవచ్చు, గట్టు వేయించుకోవచ్చు, పట్టుబడి డబ్బు ఆయనదే. చెరువును మూడో మనిషికి రిజిస్ట్రేషన్ చేయడం మాత్రం ఆయన వల్ల కాదు. 2021 మార్చి 2న సుప్రీంకోర్టు ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసులో ఇదే తేడా చూపించింది. అది పన్ను కేసు. సాఫ్ట్‌వేర్ కాపీ కొనడం వేరు, కాపీరైట్ కొనడం వేరు అన్నదే అందులో కీలకం.

ఒక ప్రశ్న. ఆ ఆరు నెలలు మీరు ఆయన షాపులో కూర్చుని, నెల జీతం మీద పనిచేశారా? ఇంకెక్కడైనా ఉద్యోగంలో ఉన్నారా?

పాలకొల్లు_కోడర్ | శనివారం ఉదయం 7:15

లేదండి. హైదరాబాద్ ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాక రాసింది. మా ఇంట్లో, నా సొంత ల్యాప్‌టాప్ మీద. జీతం లేదు. షాపుకి వారానికోసారి వెళ్లి చూపించేవాడిని. గిట్‌లో (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ తేదీతో దాచే సాఫ్ట్‌వేర్) మొదటి రోజు నుంచి మొత్తం చరిత్ర ఉంది.

గోదారి_వకీలు | శనివారం ఉదయం 7:40

బాగుంది. ఆ గిట్ చరిత్రను ముట్టుకోకండి, శుభ్రం చేస్తున్నామని పాత కమిట్లు (అందులో దాచిన మార్పులు) చెరపకండి. 2024 జూలై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ 65బీ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జత చేయాలి, అందులో హ్యాష్ విలువ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. గిట్ కమిట్లకి పుట్టుకతోనే హ్యాష్ ఉంటుంది కాబట్టి మీ పని కొంత తేలిక. మీ బావ ఫోన్లో 'నాయనా' మెసేజ్ వచ్చేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. ఇద్దరు మనుషులు విడివిడిగా రాస్తే ఆ మాట రెండుచోట్లా రాదు.

కొబ్బరితోట | అమలాపురం, ప్రస్తుతం బెంగళూరు | శనివారం ఉదయం 9:30

తమ్ముడూ, వకీలు గారు చెప్పినదంతా కోడ్ మొత్తం నువ్వే రాశావనుకుని చెప్పింది. ఈ రోజుల్లో ఎవరమూ మొత్తం రాయం. ఆ గ్రాఫ్ గీసే లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఏది, దాని లైసెన్స్ ఏంటి? ఆ ఫోల్డర్లో లైసెన్స్ ఫైల్ తెరిచి మొదటి రెండు లైన్లు ఇక్కడ రాయి.

పాలకొల్లు_కోడర్ | శనివారం ఉదయం 9:52

అన్నా, జీపీఎల్ వెర్షన్ 3 అని ఉంది. ఫ్రీ కదా అని పెట్టుకున్నాను. ఏమైనా ఇబ్బందా?

కొబ్బరితోట | శనివారం మధ్యాహ్నం 12:10

ఇబ్బందే. చెబుతాను, కంగారుపడకు, దారి ఉంది.

జీపీఎల్ అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి పెట్టే ఒక లైసెన్స్, 1989లో మొదలైంది. వెర్షన్ 2 1991లో, వెర్షన్ 3 2007లో వచ్చాయి. డబ్బు అడగదు. అడిగేది వేరే. మన పొలాల్లో బోదె నీళ్లు పై మడి నుంచి కింది మడికి పారతాయి. పై రైతు కావలసినంత పెట్టుకుంటాడు, ఎవరూ వద్దనరు. పెట్టుకున్నాక బోదె కట్టేస్తే మాత్రం ఊరు ఊరుకోదు. జీపీఎల్ పద్ధతి అదే. నీకు సోర్స్ కోడ్ ఎలా వచ్చిందో, నీ యాప్ తీసుకున్నవాళ్లకీ సోర్స్ అలాగే అందాలి. దాన్ని నీ కోడ్‌తో కలిపి ఒకే యాప్‌గా కట్టి బయటికిచ్చావు కాబట్టి ఆ నియమం నీ కోడ్ మొత్తానికీ పాకుతుంది. నీ ల్యాప్‌టాప్‌లోనే వాడుకుని ఉంటే ఏ బాధ్యతా లేదు. ఎప్పుడైతే ఏపీకే ఫైల్ (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్) బయటికి వెళ్లిందో అప్పుడే మొదలైంది.

అంటే బాబాయ్ నిన్ను అడగకుండా అమ్మినట్టే, నువ్వూ ఆ లైబ్రరీ రాసినవాళ్ల మాట దాటావు. వాళ్లెవరో ఏ దేశంలో ఉన్నారో మనకి తెలియదు, కానీ వాళ్లదీ ఆరు నెలల కష్టమే అయ్యుంటుంది. నిన్ను తిట్టడానికి కాదు. బాబాయ్ ఎదుట కూర్చునేముందు ఇది నీకు తెలిసి ఉండాలని.

ఉచితంగా పెట్టినదానికి కోర్టు విలువ ఉండదని కొందరంటారు. 2008లో అమెరికాలో జేకబ్‌సెన్, కాట్జర్ కేసులో అది తేలిపోయింది. బొమ్మ రైళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ అది, ఉచితంగా పెట్టారు. పేరు, కాపీరైట్ నోటీసు లాంటివి ఉంచాలన్న షరతు అవతలివాళ్లు పాటించలేదు. అలాంటి షరతు తప్పితే కాపీరైట్ ఉల్లంఘన కిందే దావా వేయొచ్చని అప్పీల్ కోర్టు చెప్పింది.

దారి ఏంటంటే, వెర్షన్ 3లో సర్దుకునే వీలు పెట్టారు. తప్పు ఆపేస్తే హక్కు తాత్కాలికంగా తిరిగొస్తుంది. ఆపాక 60 రోజుల్లో వాళ్ల నుంచి నోటీసు రాకపోతే శాశ్వతం. మొదటిసారి నోటీసు వచ్చినా 30 రోజుల్లో సరిచేస్తే చాలు. వెర్షన్ 2లో ఈ వెసులుబాటు లేదు. కాబట్టి ఆ లైబ్రరీ తీసేసి ఎంఐటీ లైసెన్స్ ఉన్నది పెట్టు. దానికి కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం ఉంచితే సరిపోతుంది. లేదా మొత్తం సోర్స్ బయటపెట్టు. రెండూ గౌరవమైన దారులే.

ఆత్రేయపురం_పిల్ల | ఆత్రేయపురం, ప్రస్తుతం హైదరాబాద్ | శనివారం మధ్యాహ్నం 2:25

నేను కంపెనీలో లైసెన్సులు చూసే టీమ్‌లోనే పనిచేస్తాను. ఒక్కటి కలుపుతాను. లైబ్రరీ పేరు చూసి లైసెన్స్ ఊహించుకోవద్దు, ఏ వెర్షన్ వాడుతున్నారో దాని లైసెన్స్ ఫైల్ చూడండి. మధ్యలో మారిపోతుంటాయి. ఎలాస్టిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ 2021లో మార్చింది, హాషికార్ప్ సంస్థ 2023లో, రెడిస్ సంస్థ 2024లో. మారిన ప్రతిసారీ పాత లైసెన్స్ ఉన్న కోడ్ నుంచి వేరే బృందాలు పాయలు తీశాయి: ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ. అలా చేయగలిగారంటే, ఒకసారి స్వేచ్ఛగా వదిలిన వెర్షన్‌ను ఆ సంస్థలు వెనక్కి తీసుకోలేవు కాబట్టి. ఎలాస్టిక్ అయితే 2024లో మళ్లీ ఏజీపీఎల్‌ను (జీపీఎల్ లాంటిదే ఇంకో లైసెన్స్) కూడా ఒక ఎంపికగా చేర్చింది.

మా ఊరి పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు, పేరు మీద కూడా హక్కు ఉంటుందా అని మా పిన్ని ఆశ్చర్యపోయింది. రేకు తీసే చేతికి విలువ ఉందని కాగితం మీద రాసి చూపిస్తే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పాలకొల్లు_కోడర్ గారూ, మీ పేరు యాప్‌లో ఉంచమని తప్పకుండా అడగండి. రాసిన మనిషి పేరు రాసిన మనిషిదే. సెక్షన్ 57 ఆ హక్కుని కాపీరైట్ అమ్మేసినా ఉంచుతుంది.

తణుకు_డీటీపీ | తణుకు | శనివారం సాయంత్రం 5:48

మాది శుభలేఖలు, ఫ్లెక్సీల షాపు. మేమూ దెబ్బతిన్నవాళ్లమే కాబట్టి రాస్తున్నాను.

పదేళ్లు దొంగ కాపీలతోనే నడిపాం. డిజైన్ సాఫ్ట్‌వేర్ దొంగదే, ఫాంట్లు దొంగవే. సీడీ ఇచ్చినవాడే 'అందరూ ఇదే వాడతారు' అన్నాడు. ఒకరోజు నోటీసు వచ్చింది. వకీలుకి చూపిస్తే సెక్షన్ 63బీ చదివి వినిపించారు. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. మా ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. డబ్బు కట్టి రాజీ చేసుకున్నాం, అసలు లైసెన్స్ కొన్నాం.

ఫాంట్ల సంగతి అప్పుడే తెలిసింది. మండలి, రామభద్ర, సురవరం, పెద్దన, తిమ్మన, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. శుభలేఖ కొట్టి అమ్ముకోవచ్చు, సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వొచ్చు. ఫాంట్‌ను ఒక్కదాన్నే అమ్మకూడదు, మార్చిన ఫాంట్‌ను కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. అంతే. రామభద్ర లావుగా, గుండ్రంగా ఉంటుంది, ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద రోడ్డు అవతల నుంచి చదవొచ్చు. ఇంత మంచి అక్షరాలు ఊరికే ఇచ్చినవాళ్లుంటే, పదేళ్లు దొంగ సీడీ పెట్టుకుని భయపడుతూ బతికాం. ఇప్పుడు షాపు తలుపు ఎవరు కొట్టినా గుండె జారదు.

ఉండి_రైతు | శనివారం రాత్రి 8:30

వకీలు గారూ, నా పోలిక తప్పని ఒప్పుకుంటున్నాను. మరి ఒక మాట నేనడుగుతాను. ఇప్పటివరకు డీలర్ గురించి, రాసిన కుర్రాడి గురించి మాట్లాడారు. మా సంగతేంటి?

తెల్లవారుజామున గట్టు మీద నిలబడి చెక్ ట్రే ఎత్తి, తడి చేత్తో ఫోన్ తుడుచుకుని, మిగిలిన మేత లెక్క ఎక్కించేది మేము. వైట్ స్పాట్ రోగం వచ్చి చెరువు ఖాళీ చేసిన లెక్క కూడా అందులోనే ఉంటుంది. ఆ యాప్ రేపటి మేత అంత కచ్చితంగా చెబుతోందంటే మా నష్టాలు కూడా చూసి నేర్చుకున్నది కాబట్టే. ఆ లెక్కలు ఎవరివి? ఇంకో డీలర్‌కి యాప్ అమ్మినప్పుడు మా లెక్కలు కూడా వెళ్లాయా?

పాలకొల్లు_కోడర్ | శనివారం రాత్రి 8:55

అంకుల్, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఊరుకున్నాను. నేను రాసేటప్పుడు ఇది ఆలోచించలేదు. మా బావ యాప్‌లో చూశాను, పాత రైతుల ఖాతాలు లేవు, డేటాబేస్ కొత్తదే. కానీ మేత పట్టిక మాత్రం బాబాయ్ నోటుబుక్‌లోదే. ఆయన పన్నెండేళ్లు చెరువులు తిరిగి, రొయ్య బరువుని బట్టి ఎంత మేతో చేత్తో రాసుకున్న పట్టిక అది. నేను దాన్ని టైప్ చేశానంతే.

గోదారి_వకీలు | ఆదివారం ఉదయం 6:10

ఉండి_రైతు గారు అడిగింది ఈ చర్చలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న. రైతు మాటలోంచే మొదలుపెడతాను.

వట్టి లెక్క మీద, వాస్తవం మీద కాపీరైట్ ఎవరికీ ఉండదు. ఫలానా రోజు ఫలానా చెరువులో రెండు కిలోల మేత మిగిలిందన్నది వాస్తవం. ఆలోచన మీదా ఉండదు, దాన్ని చెప్పిన తీరు మీద ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులోనే చెప్పింది. శ్రమ ఒక్కటే చాలదు, కొంత సొంత నైపుణ్యం, విచక్షణ కనపడాలని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో అంది. కాబట్టి 'రైతుకి మేత చెప్పే యాప్' అన్న ఆలోచన బాబాయ్ సొత్తు కాదు, కుర్రాడి సొత్తూ కాదు. బాబాయ్ నోటుబుక్ పట్టికలో మాత్రం ఆయన విచక్షణ ఉంది, పైగా అది నమ్మి ఇచ్చిన విషయం. కుర్రాడు దాన్ని ఇంకో యాప్‌లో పెట్టకూడదు. ఖాతాదారుల జాబితా సంగతీ అంతే.

రైతుల లెక్కల విషయంలో కాపీరైట్ మీకు అండగా నిలవదు అంకుల్, ఉన్నమాట చెప్పాలి. మీకు అండ ఒప్పందమే. యాప్ పెట్టుకునేటప్పుడు 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కే ఆ పేజీ తెలుగులో ఉండాలి. మీ లెక్క మీరు అడిగిన రోజు మీకు ఇవ్వాలి, మిమ్మల్ని అడగకుండా మూడో మనిషికి ఇవ్వకూడదు అని అందులో రాసి ఉండాలి. ఆ రెండు వాక్యాలు వీళ్లిద్దరి ఒప్పందంలోనే పెట్టించండి.

ఇక బాబాయ్ విసుగొచ్చి వేరేవాళ్లతో కొత్తగా రాయించుకుంటే? రాయించుకోవచ్చు. కోడ్ చూసి దించకుండా, అదే పని చేసే యాప్ ఎవరైనా రాసుకోవచ్చు. దీని మీదే ఒరాకిల్, గూగుల్ 2010 నుంచి 2021 దాకా పోట్లాడాయి. జావా అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి సుమారు 11,500 లైన్ల ఏపీఐ డిక్లరేషన్లను (ప్రోగ్రామ్‌లో ఏ పనిని ఏ పేరుతో పిలవాలో చెప్పే లైన్లు) ఆండ్రాయిడ్‌లోకి తీసుకోవడం ఫెయిర్ యూజ్ (అనుమతి లేకున్నా చెల్లే న్యాయమైన వాడకం) అని 2021 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-2తో తేల్చింది. అది వాళ్ల చట్టం, మన కోర్టుకి కట్టుబాటు కాదు. పదకొండేళ్లు పోరాడే స్తోమత వాళ్లకుంది.

మీ ఇద్దరి వ్యవహారం కోర్టు దాకా వెళ్లక్కర్లేదని నా ఉద్దేశం. వెళ్లాల్సొస్తే సెక్షన్ 62 ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కోర్టు పరిధిలోనే వేయొచ్చు. వివాదం విలువ 3 లక్షలకి తగ్గకపోతే కమర్షియల్ కోర్టుకి వెళ్తుంది. అత్యవసర ఆదేశాలు అడిగితే తప్ప, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. చట్టమే ముందు కూర్చుని మాట్లాడుకోమంటోంది. మీరు ఎలాగూ ఒకే కాలువ నీళ్లు తాగేవాళ్లు. ఆయన షాపుకే వెళ్లండి, నోటీసుతో మొదలుపెట్టకండి. లైబ్రరీ తప్పు మీరే ముందు చెప్పండి.

తణుకు_డీటీపీ | ఆదివారం ఉదయం 8:00

రిజిస్ట్రేషన్ చేయించుకోవాలా సార్, ఇలాంటివాటికి?

గోదారి_వకీలు | ఆదివారం ఉదయం 8:12

తప్పనిసరి కాదు. రాసిన క్షణమే హక్కు పుడుతుంది. చేయించుకుంటే సాక్ష్యానికి పనికొస్తుంది. 2021 సవరణ తర్వాత సోర్స్ కోడ్‌లో మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఇస్తే చాలు, కాకపోతే వాటిలో ఏదీ కప్పిపుచ్చకూడదు.

పాలకొల్లు_కోడర్ | గురువారం రాత్రి 9:35

అందరికీ దండాలు. ఏమైందో చెప్పకపోతే తప్పవుతుంది.

సోమవారం బాబాయ్ షాపుకి వెళ్లాను. మేత బస్తాల మధ్య కుర్చీ వేశారు. వకీలు గారు చెప్పినట్టు ముందు లైబ్రరీ విషయం చెప్పాను. "నాకు తెలియకుండా చేశాను బాబాయ్, మీ పేరు మీద కూడా తప్పు పడింది" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నోటుబుక్ తీసుకొచ్చి నా ముందు పెట్టారు. అట్ట చిరిగి, ఉప్పునీటి మరకలతో ఉంది. "ఇది నువ్వెక్కడైనా ఇస్తావేమోనని నా భయం. అందుకే నేనే ముందు అమ్మేశాను" అన్నారు. నేను అనుకున్నది ఒకటి, ఆయన మనసులో ఉన్నది ఇంకొకటి.

ఇవాళ సంతకాలయ్యాయి. కోడ్ మీద కాపీరైట్ నాది. బాబాయ్‌కి, ఆయన రైతులకి వాడుకునే హక్కు శాశ్వతం, మళ్లీ డబ్బు లేదు. వేరే డీలర్‌కి ఇస్తే వచ్చినదాంట్లో మూడోవంతు నాకు, ఇప్పటికే అమ్మిన ఇద్దరికీ అదే లెక్క. మేత పట్టిక, ఖాతాలు ఆయనవి. ఇంకెవరికీ ఇలాంటి యాప్ రాయకూడదని మొదట అడిగారు. ఒకరి వృత్తిని ఆపే ఒప్పందం చెల్లదనే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ముందు ఆ షరతు నిలబడదని వకీలు గారు ఫోన్లో చెప్పారు. దాని బదులు నోటుబుక్ పట్టిక ఎక్కడా వాడనని రాసిచ్చాను. యాప్ గురించి పేజీలో ఇద్దరి పేర్లూ ఉంటాయి.

గ్రాఫ్ లైబ్రరీ మార్చాను. మూడు డీలర్ల రైతులకీ కొత్త వెర్షన్ రేపు వెళ్తుంది. పాత ఏపీకే లింకు తీయించేశాం.

ఉండి_రైతు | గురువారం రాత్రి 9:50

సంతోషం బాబూ. మా రెండు వాక్యాలు?

పాలకొల్లు_కోడర్ | గురువారం రాత్రి 9:58

ఏడో పేరాలో ఉన్నాయి అంకుల్, తెలుగులోనే. రేపటి వెర్షన్లో 'నా లెక్కలు దించుకో' అని బటన్ కూడా ఉంటుంది, మీ చెరువు మొదటి రోజు నుంచి మొత్తం ఒక ఫైల్‌గా వస్తుంది. 'నాయనా' మెసేజ్ అలాగే ఉంచాను. బాబాయే ఉంచమన్నారు.